నెమలికంఠం చీరకి నాలుగు కట్లు

అనగనగా మొగలిదొడ్డి అని ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరిందేవి అని ఒక అత్తగారు. ఆవిడకి ముగ్గురు కోడళ్ళు. పెద్దామె మాణిక్యం, నడిపామె తాయారు, చిన్నామె వరహాలు. ఊఁ కొట్టు మరి, నువ్వు ఊఁ కొట్టకపోతే నాకు కథ నడవదు.

ముగ్గురు తోడికోడళ్ళు ఒకే ఇంట్లో ఉంటే ఏమవుతుంది? చీపురు దగ్గర్నుంచి చింతపండు దాకా అన్నిటికీ తగువే అవుతుంది. వీళ్ళకీ తగువులుండేవి, లేవని నేను అబద్ధం చెప్పను. కానీ ఒక్క వస్తువు దగ్గర మాత్రం ముగ్గురూ నోరు మెదిపేవాళ్ళు కాదు. అది వాళ్ళ అత్తగారి పెళ్ళిచీర.

ఆ చీర సంగతి చెబుతాను విను. తొమ్మిది గజాల పట్టుచీర. రంగు నెమలికంఠం. నిలువుకి నీలం పోగు, అడ్డానికి ఆకుపచ్చ పోగు వేసి నేశారు దాన్ని. ఎండలో చూస్తే నీలం, దీపం దగ్గర చూస్తే ఆకుపచ్చ. ఒక అంచు ఎరుపు, రెండో అంచు పసుపు. కొంగంతా జరీయే. పెట్టె మూత తీస్తే చాలు, గదిలోకి ఎవరో గొప్పవాళ్ళు వచ్చినట్టుండేది.

పేరిందేవి భర్త పోయి పన్నెండేళ్ళయింది. ఆ రోజు నుంచీ ఆవిడ ఆ చీర కట్టలేదు. పేరంటాలకి ఎవరూ పిలవరు, ఆవిడా గడప దాటదు. అప్పటి రోజులు అలాంటివి. నన్నడిగితే పాడు రోజులు. "మీరు కట్టుకుంటే నేను కట్టుకున్నట్టే" అని చీర కోడళ్ళకిచ్చేసింది. వరసగా మూడేళ్ళు వానల్లేవు, ఆ ఇంట్లో పట్టు అన్నది అదొక్కటే. మిగిలినవన్నీ నూలు చీరలే.

చిన్నకోడలు వరహాలు కాపురానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. వాళ్ళ తాత భాగవత మేళంలో వేషాలు కట్టేవాడు. మీసాలున్న మగవాళ్ళకి నున్నగా గీయించి, చీర కట్టి, రాణుల్నీ గొల్లభామల్నీ చేసేవాడాయన. మేళానికున్నవి రెండే మంచి చీరలు. అందుకని ఉన్న చీరనే ఒక వేషానికి ఒకలా, ఇంకో వేషానికి ఇంకోలా కట్టేవాడు. తెర పట్టి దించేలోపల అయిపోవాలి. పిల్లప్పుడు వరహాలు ఆ పక్కనే కూర్చుని, నోరు తెరుచుకుని చూసేది.

అలాంటి పిల్ల కదా, అత్తగారి పెట్టెలో ఆ చీర మొదటిసారి చూసినప్పుడు దానికి ఊపిరాడలేదు. ముట్టుకోవడానికి ముందు చేతులు కడుక్కొచ్చింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆ ఊళ్ళో ఒక దివాణం, దివాణంలో ఒక రాణిగారు. ఆవిడకి ఏడు భోషాణాల నిండా చీరలున్నాయి. అష్టమి, నవమి, దశమి మూడు రోజులూ దివాణంలో పేరంటం చేసేది. రోజుకి ఇంటికొక ముత్తయిదువు వెళ్ళాలి. అది అక్కడి ఆచారం.

అష్టమి పొద్దున పెద్దకోడలు మాణిక్యం వెళ్ళింది. ఎర్రంచు కిందికి వచ్చేలా, ముందు కుచ్చెళ్ళు పోసి, కొంగు వెనక పిక్కల దాకా వదిలేసి కట్టుకుంది. బుట్టచేతుల రవిక తొడిగి, కొప్పు చుట్టూ చామంతులు పెట్టుకుంది. దివాణం వాకిట్లో ఎండ పడేసరికి చీర నీలంగా మెరిసింది. కుంకుమ పెడుతున్న రాణిగారి చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎక్కడిదమ్మా ఈ చీర?"

"మా అత్తగారు ఇచ్చిందండీ" అంది మాణిక్యం. అక్కడితో ఆగితే బాగుండేది. చుట్టూ అందరూ చూస్తున్నారాయె, ఇంటి పరువు గుర్తొచ్చింది. "మా ముగ్గురికీ తలొకటీ ఇచ్చిందండీ" అనేసింది.

ఆ తర్వాత ఇంటికొచ్చి నాలిక్కరుచుకుంది. నోరు జారితే తీసుకోలేం కదా. నడిపికోడలు తాయారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "రేపు నేనేం కట్టుకెళ్ళాలక్కా? ఇదే కట్టుకెళ్తే నిన్నటి చీరేనంటారు. నూలుది కట్టుకెళ్తే నువ్వు చెప్పింది అబద్ధమంటారు."

అప్పుడు వరహాలు చిన్నగా అంది, "నేను కట్టనా అక్కా?"

నవమి సాయంత్రం వరహాలు ఆ చీరని తలకిందులు చేసింది. ఎర్రంచు పైకిపోయింది, పసుపంచు కిందికొచ్చింది. వెనక్కి గోచీ పోసి బిగించింది. జరీ కొంగుని నడుం చుట్టూ తిప్పి, మడతల్లో దాచేసింది. జడ వేసి, జడకుచ్చులు పెట్టింది. దివాణంలో దీపాలు పెట్టేవేళకి తాయారు వెళ్ళి నిలబడింది. దీపాల్లో చీర ఆకుపచ్చగా వెలిగింది. రాణిగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇది నిన్నటిదానికన్నా బాగుంది" అంది.

దశమి నాడు వరహాలే వెళ్ళింది. గొల్లభామ కట్టు కట్టుకుంది. కొంగుని వెనకనుంచి కుడి భుజం మీదుగా ముందుకి తెచ్చి, గుండెల మీద జరీ అంతా పరిచేసింది. నీలమూ ఆకుపచ్చా రెండూ జరీ వెనక దాక్కున్నాయి, బంగారమే కనపడుతోంది. రాణిగారు పసుపు గిన్నె పక్కన పెట్టేసి, ఆ కొంగు కేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఇంకో వారంలో అట్లతద్ది కదా. తోపులో ఉయ్యాల వేయిస్తున్నాను. మీ ముగ్గురూ ఆ మూడు చీరలూ కట్టుకుని రండమ్మా. మూడూ పక్కపక్కన చూడాలని ఉంది నాకు."

దివాణం నుంచి ఇంటికెలా వచ్చిందో వరహాలుకే తెలియదు.

ఆ సంగతి అత్తగారికి చెప్పక తప్పలేదు. ముగ్గురూ వరసగా నిలబడి చెప్పారు. పేరిందేవి పెట్టెలోంచి చీర తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడినా బాగుండునని వాళ్ళకనిపించింది.

"జ్వరమని చెబుదాం" అంది మాణిక్యం.

"ముగ్గురికీ ఒకేసారా?" అంది తాయారు.

అప్పుడు పేరిందేవి లోపలికెళ్ళి కత్తెర తెచ్చింది. చీర మడత విప్పింది. "తొమ్మిది గజాలుంది. మూడు ముక్కలు చేసి, తలొకటీ ఓణీల్లాగా వేసుకుని వెళ్ళండి. నా కోడలు పేరంటంలో అబద్ధమాడిందని ఊరనుకోవడం కంటే అదే నయం" అంది.

వరహాలు గబుక్కున వెళ్ళి చీర మీద చెయ్యి పెట్టింది. అత్తగారికి అడ్డం తిరగడం దానికదే మొదలు. అయినా అంది, "ముక్కలు చేస్తే మూడు ఓణీలవుతాయి గానీ మూడు చీరలవుతాయా అత్తయ్యా? తప్పు మా నోటిది. చీరనెందుకు కొయ్యడం? నన్ను వెళ్ళి చెప్పనివ్వండి. చెప్పేముందు ఒక్కసారి చూపించనివ్వండి."

పేరిందేవి కోడలి ముఖం కేసి చూసింది. చూసి, చూసి, కత్తెర పక్కన పెట్టింది. "నీ ఇష్టం" అంది.

అట్లతద్ది వచ్చింది. చింతతోపులో పెద్ద ఉయ్యాల కట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ గోరింటాకుతో ఎర్రగా పండాయి. ఒకామెకి చెంపస్వరాలు, ఒకామెకి వడ్డాణం, ఒకామె జడకి నాగరం. చిన్నపిల్లలకి కొత్త పరికిణీలు. రాణిగారు ఉయ్యాల మీద కూర్చుంది. అప్పుడు ముగ్గురు తోడికోడళ్ళూ వచ్చారు. ముగ్గురూ నూలు చీరల్లోనే ఉన్నారు. చేతిలో ఒక మూట, ఒక దుప్పటి.

"చీరలేవమ్మా?" అంది రాణిగారు.

"తెచ్చామండీ. ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తాం" అంది వరహాలు.

ఇద్దరు పేరంటాళ్ళని బతిమాలి దుప్పటి అడ్డం పట్టించింది, వాళ్ళ తాత తెర పట్టించినట్టు. తెర వెనక మాణిక్యానికి కట్టింది. తెర దించారు. నీలం చీర, ఎర్రంచు, పిక్కల దాకా కొంగు. ఆడవాళ్ళంతా బాగుందన్నారు. మళ్ళీ తెర పట్టారు. ఈసారి తాయారుకి కట్టింది. తెర దించారు. పసుపంచు, గోచీ కట్టు, కొంగు జాడే లేదు. ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. మళ్ళీ తెర పట్టారు. తనే కట్టుకుంది. తెర దించేసరికి ఒంటి నిండా బంగారంతో గొల్లభామ నిలబడి ఉంది. పిల్లలు కూడా ఏడుపాపి చూశారు.

"ఇప్పుడు ముగ్గురూ పక్కపక్కన నిలబడండి" అంది రాణిగారు.

వరహాలు తల వంచుకుంది. "నిలబడలేమండీ. చీర ఒక్కటే."

అప్పుడు మాణిక్యం ముందుకొచ్చింది. దాని కళ్ళల్లో నీళ్ళు. "మొదట అబద్ధమాడింది నేనండీ. వీళ్ళ తప్పేం లేదు. మా అత్తగారికి అప్పుడసలు తెలీదు."

రాణిగారు ఉయ్యాల దిగింది. నడిచొచ్చి ఆ చీరంచు వేళ్ళతో పట్టుకుంది. ఎండలోకి లాగి చూసింది, నీడలోకి తెచ్చి చూసింది. ఏడు భోషాణాల చీరలున్న మనిషి, చంటిపిల్ల వెన్నెలని చూసినట్టు చూసింది.

"ఒక్క చీరేనా?" అంది. "నాకు రెండొందలున్నాయి. దాసీలు అన్నీ ఒక్కలాగే కడతారు. ఇంకెన్ని కట్లు తెలుసే నీకు?"

"మా తాతకి పదకొండు వచ్చండీ, నాకు ఏడే వచ్చు" అంది వరహాలు. తర్వాత కాస్త ఆగి అంది, "కానీ ఈ చీర అసలు కట్టు నాకు తెలీదండీ. పెళ్ళినాడు మా అత్తగారు ఎలా కట్టిందో మేమెవ్వరం చూడలేదు."

"అయితే ఆమెని పిలవండి" అంది రాణిగారు.

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. శేషమాంబ అని ఒక పెద్దావిడ, ఆచారాల విషయంలో మహా గట్టిది, గొంతు సవరించుకుంది. "ఆవిడ పేరంటానికి రాకూడదు కదండీ" అంది.

రాణిగారు ఒక్క క్షణం ఆలోచించింది. "పేరంటానికి కాదు. నాకు కట్టు నేర్పడానికి పిలుస్తున్నాను" అంది. చూశావా తెలివి.

తాయారు పరిగెత్తుకెళ్ళి అత్తగారిని తీసుకొచ్చింది. పేరిందేవి తోపు చివర ఆగిపోయింది. పన్నెండేళ్ళ తర్వాత అంతమంది ఆడవాళ్ళ మధ్యకి రావడం. వరహాలు తెర వెనక మళ్ళీ నూలు చీర కట్టుకుని, పట్టుచీర మడిచి, రెండు చేతులతో అత్తగారికిచ్చింది. అత్తగారి చేతులు చల్లగా ఉన్నాయి.

"నేను కట్టనా అత్తయ్యా?"

"వద్దు. నాకొచ్చు" అంది పేరిందేవి.

తెర పట్టారు. వరహాలు ఒక్కతే లోపల నిలబడి చూసింది. ఆ ముసలి చేతులు మొదట తడబడ్డాయి. తర్వాత వాటంతటవే నడిచాయి. చిన్న చిన్న కుచ్చెళ్ళు, ఇరవయ్యో ముప్ఫయ్యో, ఒకదానిమీద ఒకటి. నడుం దగ్గర చీరని బయటికి మడిచింది. ఆ మడతతో పైనున్న పసుపంచు వడ్డాణంలా నడుం చుట్టూ తిరిగొచ్చింది. కింద ఎర్రంచు, నడుముకి పసుపంచు. రెండంచులూ ఒకేసారి కనపడుతున్నాయి. అదెలా సాధ్యమో వరహాలుకి తట్టనే లేదు. తాతకి కూడా ఈ కట్టు రాదు. ఒళ్ళు ఝల్లుమంది దానికి. అత్తగారి కాళ్ళకి దండం పెట్టాలనిపించి పెట్టేసింది.

తెర దించారు.

అబ్బ, ఏం చెప్పను తల్లీ. రాణిగారు నిలబడే ఉంది, ఇంకాస్త నిటారుగా నిలబడింది. కూర్చున్నవాళ్ళు లేచారు. నెరిసిన జుట్టు, బోసి మెడ, ఒక్క నగ లేదు. అయినా ఆ చీర నిన్ననే మగ్గం దిగి ఆవిడ కోసమే వచ్చినట్టుంది. రాణిగారు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఉయ్యాల మీద తనే కూర్చోబెట్టింది. ముగ్గురు కోడళ్ళూ వెనక నిలబడి ఊపారు. ఎండలోకి వెళ్తే నీలం, చెట్టు నీడలోకి వస్తే ఆకుపచ్చ. వెళ్తే నీలం, వస్తే ఆకుపచ్చ. పేరిందేవి ఉయ్యాల తాళ్ళు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ చెంపలు తడిగా ఉన్నాయి. నవ్వుతోంది కూడా.

అప్పుడు గుంపులోంచి ఒకరు మెల్లగా ఉయ్యాల దగ్గరికొచ్చారు. ఎవరనుకున్నావు? శేషమాంబే. వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ నడుం దగ్గర మడత ఎలా వేశావు వదినా?"

పేరిందేవి కళ్ళు తెరిచింది. కాళ్ళు నేలకానించి ఉయ్యాల ఆపింది. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఇలా వచ్చి కూర్చో, చూపిస్తాను" అంది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి గడప తట్టింది,
చీరేమో మడతపడి పెట్టెకెక్కింది,
చిట్టితల్లి దుప్పట్లో ముడుచుకు బజ్జుంది.