ముళ్లపంది సూరమ్మకు సన్మానం

అనగనగా ఒక అడవిలో ఒక చిన్న బడి ఉండేది. బడి అన్నానని పెద్దగా ఊహించుకోకండర్రా. నాలుగు గుంజలు, పైన తాటాకు కప్పు, ఒక నల్లబల్ల. అంతే! ఆ కప్పుకి ఎన్ని చిల్లులంటే, లోపల కూర్చునే ఆకాశంలో ఏ గద్ద ఎటు పోతోందో చెప్పేయొచ్చు.

ఆ బడికి హెడ్మాస్టారు తాబేలు కూర్మయ్య గారు. కప్పు కారితే ఆయనకేం? ఆయన ఇల్లు ఆయన వీపు మీదే ఉందాయె! చినుకు పడగానే తల లోపలికి లాక్కునేవారు. పాఠం కూడా లోపల్నుంచే చెప్పేవారు. పిల్లలకి సగమే వినపడేది. ఆ సగంలో సగం గురక.

చేతిపనుల మాస్టారు గిజిగాడు. ఆకు దొరికితే చాలు, అందంగా అల్లి పారేస్తాడు. తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ ఎలుగుబంటి భల్లూకరావు గారు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే ఆపడానికి తేనెపట్టు తెచ్చి చూపించాల్సిందే.

ఇక మన ముళ్లపంది సూరమ్మ. నోరు పెద్దది. మనసు వెన్న. వీపు సంగతి మాత్రం అడక్కండి! ఆవిడ పక్కన ఎవరూ కూర్చోరు. ఆవిడ కూతురు పొన్ని ఒకటో తరగతి చదువుతోంది. పాపం, దానికింకా ముళ్లు కూడా గట్టిపడలేదు.

ఎండాకాలంలో ఏనుగు దొర బడి తనిఖీకి వచ్చాడు. తలెత్తి కప్పు చూశాడు. తొండంతో ఒక చిల్లు తడిమాడు. ఆ చిల్లు ఇంకా పెద్దదైంది.

"మొదటి వానకి మళ్లీ వస్తాను. ఒక్క చుక్క లోపల పడిందా, ఈ బడికి తాళం వేస్తాను. పిల్లలంతా వాగు దాటి అవతలి బడికి పోవాల్సిందే!" అన్నాడు.

తలుపే లేని బడికి తాళం ఎక్కడ వేస్తావని ఎవరూ అడగలేదు. దొరగారు కదా, ఎవరడుగుతారు?

ఆ వాగులో ఒక మొసలి ఉంది. ఈ కబురు దాని చెవిన పడింది. "ఒకటో తరగతిలో ఎంతమంది? ఒళ్లు చేసిన పిల్లలేనా?" అని అప్పుడే వాకబు మొదలుపెట్టింది. అది విని సూరమ్మ గుండె ఝల్లుమంది. ఎట్లాగైనా ఆ కప్పు బాగుచేయించి తీరాలనుకుంది.

వెంటనే మీటింగ్ పెట్టించింది. కానీ ఆ బడికి ఒక ఆనవాయితీ ఉంది. మీటింగ్ అంటే ముందు సన్మానం. గిజిగాడు మాస్టారు తాటాకుతో చాపంత శాలువా అల్లాలి. దాన్ని ఎవరో ఒకరికి కప్పాలి. అందరూ చప్పట్లు కొట్టాలి, ఉసిరికాయలు తినాలి, ఇళ్లకి పోవాలి. అసలు సంగతి ఎప్పుడూ 'వచ్చే మీటింగ్‌లో' చూసుకోవాలి.

"ఏమండీ చైర్మన్ గారూ, కప్పు మాటేమిటి?" అంది సూరమ్మ.

"తప్పకుండా సూరమ్మా! దానికే కదా వచ్చాం! ముందు మన హెడ్మాస్టారి ఓర్పుకి సన్మానం చేద్దాం" అన్నాడు భల్లూకరావు. కూర్మయ్య గారికి శాలువా కప్పారు. ఆయన దాని కింద వెచ్చగా నిద్రపోయారు. మీటింగ్ అయిపోయింది.

రెండో మీటింగ్ వచ్చింది. ఈసారి పంతుళ్ల వంతు. హెడ్మాస్టారికి సన్మానం చేసినందుకు భల్లూకరావుకి సన్మానం! నవ్వకండి, నిజంగానే చేశారు. ఆయనకది పదకొండో శాలువా.

"కప్పు మాటేమిటండీ?" అని మళ్లీ లేచింది సూరమ్మ.

"కప్పు పంతుళ్లు చూసుకోవాలి. మేం పిల్లల్ని కని పంపిస్తున్నాం, చాలదా?" అన్నాడు భల్లూకరావు.

"బాగుందండీ! నేనొక్కణ్ణి పైకెక్కి నేస్తూ, నేనే కింద గుంజ పట్టుకోవాలా? ఒక్క తండ్రయినా వచ్చి చెయ్యేశాడా?" అని గిజిగాడు ఎగిరిపడ్డాడు.

నువ్వంటే నువ్వని అరుచుకున్నారు. ఉసిరికాయలు తిన్నారు. ఇళ్లకి పోయారు.

సూరమ్మ ఇంటికొచ్చి చిందులు తొక్కింది. "శాలువాలట శాలువాలు! మొహాలు చూడు!" అని తిట్టిపోసింది. కానీ మీకొక రహస్యం చెప్పనా? ఆవిడకి ఆ శాలువా మీద మహా మోజు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆవిడ వీపు తట్టి శభాష్ అన్నది లేదు. అందామన్నా అరచెయ్యి తూట్లు పడుతుంది మరి! అందుకే ఎవరూ లేనప్పుడు చెరువు దగ్గరికి పోయి, శాలువా కప్పుతుంటే మెడ ఎంత వంచాలో నీళ్లలో చూసుకుని వచ్చేది.

ఇంతలో మబ్బులు పట్టాయి. ఒకరోజు పొన్ని బడినుంచి ఏడుస్తూ వచ్చింది. పలక చూపించింది. పలక మీద తడి తప్ప ఏమీ లేదు.

"అమ్మా, ఇవాళ నా పేరంతా నేనే రాశానే! రెండు చుక్కలు పడి చెరిగిపోయింది" అంది.

సూరమ్మ ఆ పలక తుడిచి దాని చేతిలో పెట్టింది. మర్నాడే ఏనుగు దొర వస్తాడని కబురు కూడా వచ్చింది. పరుగు పరుగున పోయి ఆ మధ్యాహ్నమే మూడో మీటింగ్ పెట్టించింది.

ఆవిడ నోరు తెరవబోయింది. భల్లూకరావు చెయ్యెత్తి ఆపాడు. "ఈ బడి కోసం ఇన్నాళ్లుగా మన చెవులు తినేస్తున్న... అదే, పాటుపడుతున్న సూరమ్మ గారికి ఈరోజు సన్మానం!" అన్నాడు. శాలువా కప్పితే నోరు మూతపడుతుందని పంతుళ్లూ, కమిటీ కలిసి వేసిన ఎత్తు అది. వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే.

సూరమ్మ కాళ్లు నేలమీద ఆనలేదు. మనసులో "ఛీ, ఇప్పుడా ఇది?" అనుకుంది. మెడ మాత్రం దానంతటదే వంగింది. దగ్గరికి పోవడానికి భయపడి, భల్లూకరావు దూరంనుంచే శాలువా విసిరాడు. అది పోయి ముళ్లకి గుచ్చుకుని గట్టిగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత బాగుందో ఆవిడకి!

సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. కూర్మయ్య గారు తల లోపలికి లాక్కున్నారు. పిల్లలు అటూ ఇటూ పరిగెత్తారు. పొన్ని పలక పట్టుకుని వచ్చి, తల్లి శాలువా అంచు కింద నక్కింది.

"అమ్మా! ఇక్కడ కారట్లేదే!" అని అరిచింది.

సూరమ్మ ఆ శాలువా వంక చూసింది. కప్పు వంక చూసింది. భుజాన శాలువాతో మెరిసిపోతున్న చైర్మన్ వంక చూసింది. ఇంకొక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆ శాలువాని వీపుమీద ఉంచుకుంది. తరవాత ఒళ్లు విదిలించి కింద పడేసింది.

"ఈ సన్మానం నాకొద్దు. బడికి చెయ్యండి!" అంది.

"శాలువా తీసేయడమా? సభకే అవమానం!" అన్నాడు భల్లూకరావు.

"అవమానం సంగతి సరే. మీ ఇంట్లో ఎన్నున్నాయండీ?"

భల్లూకరావు పైకి చూశాడు, కిందికి చూశాడు. ఆయన భార్య మాత్రం లేచి నిలబడింది. "పది ఉన్నాయమ్మా, ఆ భుజమ్మీదిదో పదకొండు! గుహలో కాలు చాపుకోడానికి చోటు లేక చస్తున్నాం. ఇప్పుడే తెస్తానుండు!" అని బయల్దేరింది. కూర్మయ్య గారు కూడా ఏమనుకున్నారో, తల బయటికి పెట్టి, "నావి ఆరున్నాయి. ఎవరైనా తొందరగా నడిచేవాళ్లు వెళ్లి తేవాలి" అన్నారు.

శాలువాలు గుట్టగా పడేసరికి వాన జోరందుకుంది. గిజిగాడు మాస్టారు వాటి చుట్టూ తిరిగి, "అన్నీ నేనల్లినవే. ఒకదానికొకటి కలిపితే కప్పైపోతుంది. కానీ కుట్టడానికి పుల్లలేవి? అడవంతా తడిసి మెత్తబడిందే!" అన్నాడు.

అందరూ మొహామొహాలు చూసుకున్నారు. తరవాత అందరూ సూరమ్మ వీపు వైపు చూశారు.

"చూస్తారేం? పీకండి!" అంది సూరమ్మ.

ఊడినవి కొన్ని, పీకినవి కొన్ని. ఒక్కొక్కటి పీకుతుంటే ఆవిడ తిట్టిన తిట్లకి పిల్లలు చెవులు మూసుకున్నారు. విస్తరాకు కుట్టినట్టు గిజిగాడు ఆ ముళ్లతో శాలువాలన్నీ కుట్టేశాడు. భల్లూకరావు గుంజ ఎక్కి, తన పదకొండో శాలువాని తనే పైన పరిచాడు. కాస్త కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు లెండి. కిందనున్నవాళ్లకి అందకపోతే కూర్మయ్య గారు వీపు ఇచ్చి, "ఎక్కండి, ఎక్కండి, గట్టిదే" అన్నారు.

మర్నాడు ఏనుగు దొర వచ్చాడు. అప్పటికి వాన వెలిసింది. ఆయనేం తక్కువవాడా? తొండం నిండా నీళ్లు పట్టి కప్పు మీద గుమ్మరించాడు. మూడుసార్లు గుమ్మరించాడు. లోపల ఒక్క చుక్క పడలేదు. వాగులో మొసలి నిట్టూర్చి, చేపలతో సరిపెట్టుకుంది.

"భేష్! ఇది ఎవరు బాగుచేశారు? వాళ్లకి సన్మానం చేద్దాం. తెండి ఒక శాలువా!" అన్నాడు దొర.

"అమ్మో, వద్దు దొరా!" అని పంతుళ్లూ తల్లిదండ్రులూ ఒక్కసారే అరిచారు.

ఆ సందట్లో ఎవరూ సూరమ్మని పట్టించుకోలేదు. బోడి అయిన వీపుతో, చలికి వణుకుతూ ఆవిడ ఒక మూల కూర్చుంది. పొన్ని పరిగెత్తుకుంటూ వచ్చింది. పలక మీద దాని పేరు చెక్కుచెదరకుండా ఉంది. అమ్మకి చూపించి, ముళ్లు లేని ఆ వీపుమీద మొదటిసారి చెంప ఆనించి పడుకుంది.

"మెత్తగా ఉన్నావమ్మా!" అంది.

సూరమ్మకి అంతకంటే సన్మానం ఏం కావాలి?

ఇదర్రా కథ. నీతి: బడి బాగుపడాలంటే పంతుళ్లూ తల్లిదండ్రులూ ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం మాని, ఆ చేతులతోనే కలిసి బడికి కప్పు వెయ్యాలి.