కొత్వాలు పట్టుసంచి

పూర్వం ఒక రాజు తన పట్నం వీధులు శుభ్రంగా ఉండాలని ఓ చట్టం చేశాడు. కుక్కను బయటికి తెచ్చేవాళ్ల దగ్గర, అది చేసిన మురికి ఎత్తడానికి ఒక సంచి ఉండాలి. లేకపోతే ఆ కుక్కను చంపేస్తారు.

గొర్రెలు కాచుకునే కొమురవ్వ ఒకనాడు తన కుక్కతో సంతకొచ్చి, ఉత్త చేతులతో కొత్వాలు రణమల్లుడికి దొరికిపోయింది. భటులు ఆమెనూ, కుక్కనూ రాజసభకు ఈడ్చుకెళ్లారు. తోడేళ్లు రాకుండా ఆమె మందను కాచేది ఆ కుక్కే. దాని మెడ మీదికి తలారి కత్తి ఎత్తేసరికి కొమురవ్వ అడ్డుపడింది.

"సంచి తెచ్చిన దొరా! కుక్క దారిల దొడ్డికి కూసుంటే అంతా ఎత్తి, సంచితోటే పెంటగుంటల పడేసిన" అంది.

"కథలు చెప్పకు! చేతిలో ఉందా, లేదా?" అని కొత్వాలు గద్దించాడు. తన నడుముకున్న పట్టుసంచి విప్పి రాజుకు చూపించాడు. "ప్రభూ, చట్టాన్ని ఇలా పాటించాలి. నా వేటకుక్క పొద్దస్తమానం నాతోనే వీధుల్లో తిరుగుతుంది. చట్టం వచ్చిననాడు కుట్టించిన ఈ సంచి ఇప్పటిదాకా నా నడుము వదల్లేదు."

కొమురవ్వ ఆ సంచిని తేరిపార చూసింది.

"దొరా, ఒక్క మాట. ఆ సంచికి చిన్న మరక గూడ లేదు. మరి ఇన్నాళ్లూ ఆ కుక్క చేసిందంతా ఏడున్నది?"

కొత్వాలు గబగబా సంచిని మళ్లీ నడుముకు కట్టుకోబోయాడు.

"కత్తి దించు" అన్నాడు రాజు. కొమురవ్వ కుక్కను కావలించుకుని అక్కడే కూలబడింది.

రాజు సింహాసనం దిగి కొత్వాలు దగ్గరికి వచ్చాడు. "ఇకనుంచి చేతులు కాదు, వీధులు చూసి శిక్ష వేస్తాం. ముందు నువ్వు తిరిగే వీధులు చూద్దాం, పద."