మలీదా పెట్టిన చేతులు

తన వంట తిన్న పిల్లలే జబ్బు పడుతున్నారన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి దస్తగిరికి కంటిమీద కునుకు లేదు.

కొండమీది దర్గాలో తొమ్మిదేళ్లుగా వంట అతనిదే. నూరుల్లా బాబాకు శిష్యుడు కూడా. ప్రతి గురువారం అతను చపాతీలు కాల్చి ఇస్తే, బాబా వాటిని తుంచి, బెల్లం, నెయ్యి వేసి మలీదా కలుపుతారు. వచ్చిన పిల్లలందరికీ తన చేత్తోనే తలా ఒక ముద్ద నోట్లో పెడతారు. ఈమధ్య రెండు గురువారాలూ అది తిన్న పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ప్రతి గురువారం దర్గాకు వచ్చే హుసేన్‌బీ మనవరాలు, నాలుగేళ్ల రిహానా, ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. కళ్లు లోపలికి పోయాయి.

ఆసుపత్రి నర్సు సుకన్య కొండెక్కి వచ్చింది. దర్గా బావి నీళ్లు పరీక్షలో బాగానే తేలాయంది.

"తిండిలో చెయ్యి పెట్టేవాళ్లంతా మలపరీక్ష చేయించుకోవాలి."

"నాకు ఏ జబ్బూ లేదమ్మా. కడుపునొప్పి అంటేనే ఎరగను," అన్నాడు దస్తగిరి.

"ఉన్నా తెలీదన్నా. కొందరి పేగుల్లో ఆ క్రిములు ఊరికే ఉంటాయి. వాళ్లకేం కాదు. వాళ్ల చేత్తో పెట్టింది తిన్నవాళ్లకే అవుతుంది."

పరీక్షకని ఆమె ఇవ్వబోయిన డబ్బీ దస్తగిరి అందుకోలేదు. బాబా చెయ్యి చాచారు.

"ముందు నాకివ్వమ్మా."

అప్పుడు దస్తగిరీ తీసుకున్నాడు.

ఫలితం రావడానికి అయిదు రోజులు పట్టింది. వంట ఆగిపోయింది. దస్తగిరి చర్మం మండేదాకా చేతులు కడిగాడు. కూతురు పరిగెత్తుకొస్తే వెనక్కి జరిగాడు. ఏడ్చినా ఎత్తుకోలేదు. ఒకరోజు ఆసుపత్రి దాకా వెళ్లి గేటు దగ్గరే ఆగిపోయాడు. రిహానా ఎలా ఉందని అడిగే ధైర్యం చాలలేదు.

గురువారం పొద్దున సుకన్య రెండు కాగితాలు, మందుబిళ్లలు తెచ్చింది. దస్తగిరికి ఏమీ లేదు. క్రిములు ఉన్నది బాబాకు.

ఆమె వెళ్లగానే దస్తగిరి తలుపు దగ్గరగా వేశాడు.

"బాబా, ఇది బయటికి పొక్కితే ఈ మెట్లు ఇంకెవరూ ఎక్కరు. నా పేరు చెప్పండి. వంటవాణ్ణి, నమ్ముతారు."

బాబా తలుపు తెరిచి బయటికి వచ్చారు. ఆయన చేతిని ముద్దాడడానికి జనం వరసలో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు హుసేన్‌బీ. బాబా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"పిల్లలకు జబ్బు నా చేతుల వల్లే వచ్చింది తల్లీ. పరీక్షలో తేలింది. నన్ను క్షమించు."

హుసేన్‌బీ ఆయన ముఖంలోకి చూసింది.

"నిన్న పిల్ల గంజి తాగింది," అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ మెట్లు దిగిపోయింది. ఆమె వెనకే సగం వరస దిగిపోయింది.

బాబా దస్తగిరి వైపు తిరిగారు. "ఇకమీదట మలీదా నువ్వు కలుపు. నువ్వే పెట్టు."

"నావల్ల కాదు బాబా. నాకు భయంగా ఉంది."

"తెలుసు. ఈ అయిదు రోజులూ నీ చేతుల్ని చూసి నువ్వు భయపడ్డావు," అన్నారు బాబా. "ఇరవై ఏళ్లుగా పిల్లలకు పెడుతున్నా, నా చేతుల్ని చూసి నేను ఒక్కసారీ భయపడలేదు."