రానివాళ్ళ పిలుపు

అనగనగా, ఓడలు గాలిని నమ్ముకొని నడిచే కాలంలో, సముద్రం ఒడ్డున పడవలరేవు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో చేపలకు కరువు లేదు, ఉప్పుకు కరువు లేదు, కాలిబంతి పిచ్చికి అసలే కరువు లేదు.

ఊరికి ఒక జట్టు ఉంది. దాన్ని రేవు జట్టు అనేవారు. కొబ్బరిపీచు కూరి తోలు కుట్టిన బంతిని కాలితో తన్ని ఎదుటివాళ్ళ గుంజల మధ్యకు పంపాలి. ఆట అంతే. ఆ కాస్త ఆటలోనే రేవు జట్టు ముప్పై ఏళ్ళుగా ఓడిపోతూ వస్తోంది. అయినా ఆట ఉన్న రోజు ఊళ్ళో ఒక్క పడవ కదిలేది కాదు. ఓడిపోయి ఇంటికి వస్తూ, వచ్చే ఏడు చూద్దాం అనుకునేవారు. ఆ వచ్చే ఏడు ఎప్పుడూ రాలేదు.

ఆ ఊరి ఆటకు ఒక ఆనవాయితీ ఉంది. బంతి విసిరే ముందు పిలుపరి, అంటే పిలుపు పిలిచే మనిషి, మైదానం నడుమ నిలబడి, "రానివాళ్ళు ఎవరు?" అని మూడుసార్లు అడగాలి. ఆడేవాళ్ళే కాదు, జట్టును తమదనుకునే మనిషి ఎవరైనా ఆ రోజు రాలేకపోతే, వాళ్ళ తరఫువారు లేచి పేరు చెబుతారు, ఎక్కడున్నారో చెబుతారు. మా అత్త, మంచంలో. మా తమ్ముడు, నడిసముద్రంలో. పిలుపరి ఆ పేరును గొంతెత్తి మళ్ళీ పలుకుతాడు. జనమంతా ఒక్కసారిగా, "వాళ్ళ వంతు మేం చూస్తాం" అంటారు. అప్పుడే బంతి గాలిలోకి లేస్తుంది.

పేరు చెప్పి, ఎక్కడున్నారో తెలియదు అంటే మాత్రం ఆట లేదు. అందరూ లేచి వెతకాల్సిందే. తాతల కాలంలో పాడుబావిలో పడ్డ ఒక వలలల్లేవాడు అలాగే దొరికాడట.

ఆ రోజుల్లో పిలుపరి పెంచలయ్య. పడవల పగుళ్ళలో పీచు దట్టించడం అతని పని. గొంతు మాత్రం శంఖమే. నలభై ఏళ్ళుగా పిలిచాడు. అతని కొడుకు చెంగయ్య జట్టులో ఆడేవాడు. పాదం చురుకు, మాట తక్కువ. తన గొంతు పోకముందే కొడుకు చేతుల్లో గెలుపు కలశం చూడాలి. పెంచలయ్యకు లోకంలో ఉన్న కోరిక అదొక్కటే.

ఒక ఏడు ముత్యాలదీవి నుంచి పెద్ద ఓడ వచ్చింది. ఆ దీవిరాజు పంపిన రాయబారి దిగాడు. అతని మాట తేనె, నడక హంస. రేవు జట్టును మా రాజు పోషిస్తాడు, ఏడు దేశాల నుంచి ఆటగాళ్ళను తెప్పిస్తాడు, మైదానం చుట్టూ రాతిమెట్లు కట్టిస్తాడు, ఆటగాళ్ళకు పట్టుచొక్కాలు కుట్టిస్తాడు అన్నాడు. బదులుగా ఏమీ అడగలేదు. రాజు పేరు జట్టు జెండా మీద ఉంటే చాలన్నాడు.

అయితే ఓడవాళ్ళ నోట ఇంకో మాట కూడా ఊళ్ళోకి దిగింది. ఆ దీవిలో ముత్యాల కోసం మునిగేవాళ్ళు కొందరు, చెవుల్లోంచి నెత్తురు కారుతోంది, ఇక మునగలేం అన్నారట. రాజు వాళ్ళను పగడాలకోటలో మూయించాడట.

ఊరు రెండుగా చీలింది. ముందు వరుసలో డప్పు కొట్టే గానుగ నారసయ్య, లోకంలో చేతులు శుభ్రంగా ఉన్న రాజెవడో చూపించండి, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఆట వేరు, రాజ్యం వేరు అన్నాడు. చేపలమ్మే పోలమ్మ గంప దించి అతని ముందు కూర్చుంది.

"ఎర పట్టిన చెయ్యి చేపకు కనపడదు నారసయ్య బావా. నీకు కళ్ళున్నాయిగా?"

"ఉన్నాయి పోలీ. ముప్పై ఏళ్ళుగా ఓటమి చూసి చూసి కాయలు కాచాయి."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళదే పైచేయి అయింది. పెంచలయ్య నారసయ్య చెప్పినప్పుడు అవునన్నాడు, పోలమ్మ చెప్పినప్పుడూ అవునన్నాడు. ఇంటికెళ్ళి మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాడు.

జెండా మీద రాజు పేరు ఎక్కింది. ఆ రోజు రాయబారి మైదానం నడుమ నిలబడి, "ఇవాళ్టి నుంచి మీ ఊరూ మా దీవీ ఒకటే ఇల్లు, ఒకటే జట్టు" అన్నాడు. జనం చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టారు.

జట్టులో పదకొండు మంది. ఏడుగురు పాతవాళ్ళను పక్కనపెట్టి, ఏడు దేశాలవాళ్ళను తెచ్చారు. చెంగయ్యనూ ఇంకో ముగ్గురినీ ఉంచారు.

మొదటి ఆట రోజు పెంచలయ్య పిలిచాడు. ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి పేర్లు చెప్పారు. మూడోసారి పిలిచాక, ఓడ వంటవాళ్ళు కూర్చున్న చోటు నుంచి ఒక బక్కపలుచని మనిషి లేచింది. ఆమె పేరు తరిణి. ముత్యాలదీవి మనిషి.

"మా ఇంటాయన కేతుడు రాలేదు. మా తమ్ముడు తామ్రుడు రాలేదు. పగడాలకోటలో, చెరలో ఉన్నారు" అంది. ఇంకా తొమ్మిది పేర్లు చెప్పింది. అందరూ పగడాలకోటలోనే.

పదకొండు మంది. ఒక జట్టంత మంది.

రాయబారి ముఖంలో నవ్వు ఆరిపోయింది. పెంచలయ్య నోరు తెరిచాడు. కేతుడు అనే పేరు నాలుక చివర దాకా వచ్చింది. అంతలో పట్టుచొక్కాలో మెరుస్తున్న కొడుకు కనిపించాడు. తెరిచిన నోరు మూసి, బంతి విసిరేశాడు.

రేవు జట్టు గెలిచింది. ముప్పై ఏళ్ళ తరవాత గెలిచింది. ముసలివాళ్ళు ఏడ్చారు. నారసయ్య డప్పు చిరిగింది. పెంచలయ్యను భుజాల మీద ఎక్కించుకున్నారు. అంత ఎత్తు నుంచి అతనికి తరిణి ఒక్కతే కనిపించింది. ఆమె ఇంకా నిలబడే ఉంది.

మరునాటి నుంచి అతనికి చేతిపని కుదరలేదు. ఒకే పగులులో రెండుసార్లు పీచు దట్టించాడు, పక్క పగులు వదిలేశాడు. ఆమె మన ఊరి మనిషి కాదుగా అని తనకు తాను చెప్పుకున్నాడు. కాని ఆనవాయితీ ఊరిని అడగదు, జట్టును అడుగుతుంది. దీవీ ఊరూ ఒకటే జట్టన్నది రాయబారే. జనమంతా విన్నారు. తనూ చప్పట్లు కొట్టాడు.

రాయబారికీ ఆ సంగతి తట్టినట్టుంది. పండ్లబుట్టతో పెంచలయ్య ఇంటికి వచ్చాడు. చెంగయ్య ఆట అద్భుతం, వచ్చే ఆట నుంచి అతనే జట్టుకు నాయకుడు అన్నాడు. లేస్తూ లేస్తూ ఒక మాట వేశాడు.

"పిలుపు ఆపమనను పెద్దాయనా. కొంచెం కుదించమంటున్నాను, అంతే."

రెండో ఆట వచ్చింది. పెంచలయ్య పిలిచాడు. మూడో పిలుపుకు తరిణి లేచింది. కేతుడు అనగానే నారసయ్య కొత్త డప్పు మోగింది. పక్కవాళ్ళు చప్పట్లు కలిపారు. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట డప్పు చప్పుడులో మునిగిపోతోంది. ఆట చూడటానికి వచ్చావా, శోకాలు పెట్టడానికి వచ్చావా అని ఎవరో అన్నారు. ఆ వరుసంతా నవ్వింది. డప్పు ఆగేదాకా పెంచలయ్య ఆగలేదు. బంతి విసిరేశాడు.

మళ్ళీ గెలిచారు. చెంగయ్యే రెండుసార్లు గుంజలు దాటించాడు. ఊరంతా అతని పేరు పాడుకుంది. అతను మాత్రం ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చొని అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు.

"నాయనా, ఆమె చెప్పిన పేర్లు నీకు వినపడలేదా?"

"ఆ డప్పుల్లో ఏం వినపడుతుందిరా?"

"నాకు వినపడ్డాయి. నేను నీకంటే దూరంలో ఉన్నాను."

ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరిగారు. చిన్న ఇల్లు. అలా తిరగడం కష్టమే.

ఇక మూడో ఆట. చివరి ఆట, కలశం కోసం ఆట. ఎదుటి జట్టు కోటగుమ్మం అనే ఊరిది. ఆట చూడటానికి ముత్యాలదీవి రాజే స్వయంగా వచ్చి, రాతిమెట్ల మీద తెల్లగొడుగు కింద కూర్చున్నాడు. రెండు ఊళ్ళ జనం ఇసకేస్తే రాలనంతగా ఉన్నారు.

పెంచలయ్య మొదటిసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. ఊరివాళ్ళు చెప్పాల్సిన పేర్లు చెప్పారు. అప్పుడు భయం భయంగా వంటవాళ్ళ వైపు చూశాడు. తరిణి లేదు.

అతనికి ప్రాణం లేచివచ్చింది. ఇవాళ ఎవరూ అడ్డు రారు, కొడుకు కలశం ఎత్తుతాడు. మరుక్షణమే ఆ హాయికి అతనికే సిగ్గేసింది. ఒక మనిషి కనపడకపోతే సంతోషించే పిలుపరి ఆ ఊరికి అంతకుముందు ఎవరూ లేరు.

మూడోసారి పిలిచాడు. ఎవరూ లేవలేదు. వంటవాళ్ళు తలలు దించుకున్నారు. బంతి అతని చేతిలో ఉంది. విసిరితే అయిపోయేది.

"నేను చెబుతున్నాను" అన్నాడు పెంచలయ్య. "తరిణి రాలేదు. ఎక్కడుందో నాకు తెలియదు."

మైదానం చల్లబడింది. రాయబారి పరుగున వచ్చి, ఆమె మొన్ననే దీవికి వెళ్ళిపోయిందన్నాడు. తొమ్మిది రోజులుగా గాలి ఒడ్డుకే కొడుతోంది, ఏ ఓడ మీద వెళ్ళింది, చేప మీదా అని పోలమ్మ అడిగింది. అతను తెల్లగొడుగు వైపు తిరిగాడు.

రాజు లేవలేదు, గొంతు పెంచలేదు. బంతి విసరకపోతే పట్టూ, రాళ్ళూ, ఆటగాళ్ళూ అన్నీ ఇవాళే తిరిగి ఓడెక్కుతాయని మాత్రం చెప్పించాడు. అందరికంటే ముందు పిలుపరి కొడుకు చొక్కా విప్పాలన్నాడు.

పెంచలయ్య కొడుకు వైపు చూశాడు. చెంగయ్య కలశం వైపు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తరవాత చొక్కా తలమీదుగా తీసి, మడతపెట్టి గడ్డి మీద పెట్టాడు. "పద నాయనా, వెతుకుదాం" అన్నాడు.

తండ్రీకొడుకులు ఇద్దరే నడిచారు. వెనకాల ఎవరూ లేవలేదు. విసరవయ్యా ముసలోడా, ముప్పై ఏళ్ళు ఎదురుచూశాం అని కొందరు అరిచారు. ఆమె ఎవతె, మనకేమవుతుంది అన్నారు ఇంకొందరు. చాలామంది కాళ్ళ దగ్గర నేల చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు నారసయ్య లేచాడు. డప్పు మోగిస్తాడని అందరూ అనుకున్నారు.

"మొన్న ఆమె నోరు నేను డప్పుతో మూశాను" అన్నాడు. "ఆమె దొరక్కపోతే, ఈ ఊళ్ళో ఆమె మాటకు చివరిగా దొరికిన జవాబు నా డప్పు చప్పుడే."

డప్పు మెట్టు మీద పెట్టి దిగాడు. పోలమ్మ దిగింది. వరుస వెనక వరుస దిగింది. వెతికేదాకా ఆట లేదని తెలిసి కోటగుమ్మంవాళ్ళూ, మీ ఊళ్ళో ఇదేం గోలయ్యా అని గొణుక్కుంటూనే దిగారు. కదలనివాళ్ళూ ఉన్నారు, లేరనను. కాని రాతిమెట్లు చాలావరకు ఖాళీ అయ్యాయి. తెల్లగొడుగు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

జనం నూతులు వెతికారు, ఉప్పుకొట్లు వెతికారు, పడవల కింద వెతికారు. చివరికి దీవి ఓడ దగ్గరికి వచ్చారు. కాపలావాళ్ళు ఈటెలు ఎత్తారు. ఎదురుగా వచ్చేది సముద్రపు అలో, జనమో తెలియక ఈటెలు దించారు. మోకుతాళ్ళు పెట్టే గదిలో, తాళ్ళతోనే కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి ఉంది తరిణి. గుడ్డ తీయగానే ఆమె అడిగిన మాట ఒకటే.

"ఆట మొదలైందా?"

"నువ్వు లేనిదే ఎలా మొదలవుతుందమ్మా?" అన్నాడు పెంచలయ్య. ఆ మాట అంటూ అతను తల ఎత్తలేకపోయాడు. దానికి ముందు రెండు ఆటలు ఆమె మాట లేకుండానే మొదలయ్యాయి.

వాళ్ళు మైదానానికి తిరిగి వచ్చేసరికి గొడుగు లేదు, రాజు లేడు, ఏడు దేశాల ఆటగాళ్ళు లేరు. పక్కనపెట్టిన ఏడుగురు పాతవాళ్ళు జనంలోంచి లేచి, పంచెలు ఎగ్గట్టుకొని వచ్చారు. ఒకడికి అప్పటికే పొట్ట వచ్చింది.

పెంచలయ్య పిలిచాడు. తరిణి లేచి పదకొండు పేర్లూ చెప్పింది. అతను ఒక్కొక్కటీ విడివిడిగా, నిదానంగా పలికాడు. పదకొండుసార్లు జనం, వాళ్ళ వంతు మేం చూస్తాం అన్నారు. కోటగుమ్మంవాళ్ళు కూడా కలిశారు. పొద్దు వాలేదాకా ఆట నడిచింది.

రేవు జట్టు ఆరుసార్లు తన గుంజలు దాటనిచ్చి ఓడిపోయింది. కలశం కోటగుమ్మం వెళ్ళింది. చెంగయ్య దాన్ని ఎప్పటికీ తాకలేదు. ఆట అయ్యాక అడిగి ఉండొచ్చుగా అని పెంచలయ్యను తిట్టినవాళ్ళు చచ్చేదాకా తిట్టారు. అతను మాత్రం కొడుకుతో కలిసి అన్నం తిన్నాడు. అది చాలనుకున్నాడు.

కాని కలశంతో పాటు ఆ పేర్లు కూడా కోటగుమ్మం వెళ్ళాయి. అక్కడి నుంచి ఇంకో రేవుకు, ఆ రేవు నుంచి ఇంకో రేవుకు ప్రయాణం చేశాయి. మరుసటి ఏడు రాజు వేరే ఊరి జట్టును పోషిస్తానని పోతే, ఆ ఊరివాళ్ళు మొదట కేతుడు ఎక్కడ అని అడిగారు. ఆ పై ఏడు మరో ఊళ్ళోనూ అదే మాట. ఏ ఊరూ తన పేరు జెండా మీదికి ఎక్కనివ్వకపోయేసరికి, మూడో ఏడు రాజు పగడాలకోట తలుపు తీయించాడు. పదకొండు మంది లోపలికి వెళితే తొమ్మిది మందే బయటికి వచ్చారు. వచ్చినవాళ్ళలో కేతుడు ఉన్నాడు. తామ్రుడు లేడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ వినండి: మనకు అన్నం పెట్టే చెయ్యి ఇంకొకరి గొంతు నొక్కుతుంటే, తెలిసి కూడా నోరు మూసుకున్నవాడు ఆ చేతికి ఆరో వేలు.