ఆగకూడని బండ్లు

ఒక మహానగరంలో బండి ఆగకూడదని ఆజ్ఞ ఉండేది. వీధులు ఇరుకైపోతున్నాయని రాజు ముద్ర వేసి ఇచ్చిన ఆజ్ఞ అది. తోపుడుబండి మీద ఏమైనా అమ్ముకోవచ్చు, కానీ చక్రం తిరుగుతూనే ఉండాలి. మూడోసారి ఆగి దొరికితే బండిని అక్కడే తగలబెడతారు.

పునుగులమ్మే ఆమె అప్పటికే రెండుసార్లు దొరికింది. ఆ బండి తప్ప ఆమె ఇంటికి మరో ఆధారం లేదు. అందుకని ఒక చేత్తో బండి తోస్తూ, మరో చేత్తో పిండి వేసేది. మూకుట్లో నూనె అటూ ఇటూ ఊగేది. కొనేవాళ్లు పొట్లం పట్టుకుని పక్కనే నడిచేవాళ్లు. "నేను పునుగులకొచ్చానా, పరుగుపందేనికొచ్చానా అక్కా?" అని ఒకడు రోజూ వేళాకోళం చేసేవాడు.

పేదల రాబడి పెరగాలని రాజుకు నిజంగానే ఉంది. అదే పూటలో రెండింతల వీధులు తిరిగితే రెండింతల మంది కొంటారని ఒక మంత్రి లెక్క చెప్పాడు. రాజు ప్రతి బండికీ కొత్త చక్రాలు ఇప్పించాడు. బండ్లు జోరందుకున్నాయి. కొనేవాళ్లు సగమయ్యారు. బండిని అందుకోవాలి కదా.

కారణం తెలుసుకుందామని రాజే కూడలికి వచ్చాడు. పునుగుల వాసనకు ఆకలేసింది. పల్లకీ దిగి బండి పక్కన నడిచాడు. కాసేపటికే ఆయాసం వచ్చింది.

"ఆపమ్మా," అన్నాడు.

ఆమె ఆపలేదు. కాగడాతో వెనకే వస్తున్న కొత్వాలును చూసింది.

కొత్వాలు తల వంచాడు. "మీరు ఆపమన్నది మాట, ప్రభూ. ఆగకూడదన్నది ముద్ర. ఆగితే నేను కాల్చాలి."

రాజు ఆయాసపడుతూనే నడిచాడు. ఇంతమంది ముందు తన ముద్రను తానే కాదంటే, రేపు ఏ ముద్రకు విలువుంటుంది?

ఆమె సలసల కాగుతున్న నూనె వంక చూసింది. "దొరా, బండి ఆ మూల కాస్త పట్టుకోండి," అంది. రాజు పట్టుకున్నాడు. ఆమె వంగి ఇరుసు చీల లాగేసింది. చక్రం ఊడి పక్కకు దొర్లింది.

బరువంతా రాజు చేతుల మీద పడింది. వదిలితే నూనె ఆయన పాదాల మీదే. చుక్కలు చింది వేళ్లు కాలినా వదల్లేదు.

"బండి ఆగింది," అన్నాడు కొత్వాలు.

"ఆగలేదయ్యా. రాజుగారు మోస్తున్నారు," అని ఆమె తాపీగా పునుగులు వేయసాగింది. ఇన్నాళ్లూ అందుకోలేక వెనకబడ్డవాళ్లంతా చుట్టూ చేరారు.

రాజు ఇక మోయలేకపోయాడు. ఎవరైనా ఒక రాయి తెమ్మన్నాడు.

"రాయెందుకు దొరా, మీరిచ్చిన చక్రం ఉందిగా," అంటూ ఆమె దాన్ని పడుకోబెట్టి, దాని బొడ్డు మీద ఇరుసు ఆనించింది. బండి కాస్త ఒరిగినా నిలిచింది. రాజు చెయ్యి ఇంకా బండి మీదే ఉండటంతో కొత్వాలు కాగడా దించలేకపోయాడు.

మర్నాడు ఉదయం కూడళ్లలో బండ్లన్నీ పడుకోబెట్టిన కొత్త చక్రాల మీద నిలబడి ఉన్నాయి. ఆజ్ఞ మాత్రం ఇంకా రద్దు కాలేదు. కాలిన వేళ్లతో రాజు ముద్ర పట్టుకోలేకపోతున్నాడని కోటలో చెప్పుకున్నారు.

కొత్వాలు వెలుగుతున్న కాగడాతో వచ్చి ఆమె బండి ముందు నిలబడ్డాడు. ఒకసారి కోట వైపు చూశాడు. వరుసలో ఉన్నవాళ్లెవరూ కదల్లేదు.

ఆమె పొయ్యిలో పుల్లలు సర్దుతోంది. తలెత్తకుండానే అంది:

"సమయానికొచ్చావన్నా. ఆ నిప్పు కాస్త ఇటు వంచు."