ఆల్చిప్పల దొంగ

అనంగభూపతికి ఓ రోజు పొద్దున్నే ఓ కోరిక పుట్టింది. రాణిగారి ముక్కెర వంక చూసి, "ఇదేం ముత్యం, జొన్నగింజంత ఉంది? నా రాజ్యంలో ముత్యమంటే ఉసిరికాయంత ఉండాలి!" అన్నాడు.

రాజుగారు అనడమే ఆలస్యం, మంత్రి భావన ప్రగడ లేచి నిలబడ్డాడు. సముద్రాన్ని మేడ మీంచి తప్ప చూసినవాడు కాదు గానీ, సముద్రం గురించి ఆయనకి తెలీనిది లేదు.

"ప్రభూ, ముత్యాల ఆల్చిప్పలు సముద్రంలో రాతిగట్టు మీద సంతలో జనంలా ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఇరుకులో ఏం ఎదుగుతాయి? విడదీసి, వంద బారలకి ఒకటి చొప్పున గుంజలకి కట్టిస్తాను. ఒక్కోదానికీ ఒక్కో సంస్థానం!"

తాంబూలం అందించే నూకయ్య నోరు ఊరుకోలేదు. "అయ్యా, మా గవ్వలపాలెం ముసలాళ్ళు అలా విడదీయకూడదంటారండీ..."

"ఏ గ్రంథంలో ఉందిరా?" అన్నాడు ప్రగడ.

నూకయ్య మళ్ళీ ఆకుకి సున్నం రాయడంలో పడ్డాడు.

రెండేళ్ళు గడిచాయి. ఉన్న చిప్పలు తాబేళ్ళలా బలిశాయి. కొత్త పిల్ల మాత్రం ఒక్కటంటే ఒక్కటి పుట్టలేదు. ముసలివి ఒక్కొక్కటే పోతున్నాయి.

"పిల్లల్ని పాలెం వాళ్ళే కాజేస్తున్నారు," అని ప్రగడ రాజుగారి చెవిలో ఊదాడు.

రాజుగారికి ఒళ్ళు మండింది. "పౌర్ణమిలోగా దొంగని అప్పగించకపోతే పాలెం ఖాళీ!"

పాలెంలో ఉన్నవి నలభై గుడిసెలు. అందులో ఒకటి నూకయ్య తల్లిది. అయినా నూకయ్య తాపీగా కిళ్ళీ చుడుతూ అన్నాడు: "దొంగని నేను పట్టిస్తా ప్రభూ. ఎల్లుండి ప్రగడగారి అమ్మాయి పెళ్ళి కదా, ఆ పందిరి పని నాకు వదిలెయ్యండి. దొంగ అక్కడే దొరుకుతాడు."

"ఇన్నాళ్ళకి వీడికి తగ్గ పని దొరికింది," అని ప్రగడ నవ్వాడు.

ఒడ్డున అరవై బారల పందిరి లేచింది. తాళి కట్టేదాకా అంతా సవ్యమే. తీరా తలంబ్రాల వేళకి నూకయ్య మనుషులొచ్చి పెళ్ళికూతురి పీట పందిరికి ఈ చివర, పెళ్ళికొడుకు పీట ఆ చివర వేసేశారు.

"కూర్చోండి బాబూ, కూర్చో తల్లీ. లేవకూడదు. ఇక పోసుకోండి!"

పెళ్ళికొడుకు దోసెడు విసిరాడు. గాలికి ఎగిరి సన్నాయి గొట్టంలో పడ్డాయి. రాగం కాస్తా దగ్గయింది. పెళ్ళికూతురు కొంగు బిగించి విసిరింది. పురోహితుడి పిలక పసుపయింది. ఎక్కడివో నాలుగు కోళ్ళు వచ్చి ఏరుకోవడం మొదలెట్టాయి. పళ్ళేలు అడుగంటాయి గానీ, ఒకరి నెత్తిన ఒకరిది ఒక్క గింజ పడితే ఒట్టు!

"ఒరే నూకయ్యా, నా పిల్ల పెళ్ళిని నవ్వులాట చేశావు కదరా!"

"మీ పద్ధతే కదండీ! ఇరుకులో ఏం ఎదుగుతారని ఒక్కొక్కరికీ ఒక్కో సంస్థానం ఇచ్చాను."

"బుద్ధుందా? ఇంత దూరంలో ఎలా కలుస్తాయిరా తలంబ్రాలు?"

నూకయ్య రాజుగారి వైపు తిరిగాడు. "విన్నారా ప్రభూ? ఆల్చిప్పల సంసారమూ ఇంతే. అవి లేచి నడవలేవు. కాలమొస్తే మగది పాలలాంటి బీజాన్ని, ఆడది గుడ్లని నీళ్ళలోకి వదిలేస్తాయి. పక్కపక్కనుంటే రెండూ కలిసి పిల్లలవుతాయి. వంద బారల దూరముంటే అల ఎత్తుకుపోతుంది."

"అయితే దొంగేడిరా?"

"ఆ పీటకీ ఈ పీటకీ మధ్య పరుచుకుని ఉన్నాడు ప్రభూ. పెంచి పోషించింది ప్రగడగారు."

రాజుగారు ఒక్క క్షణం ఆ ఖాళీ వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పందిరంతా నవ్వింది. చేతి కడియం తీసి నూకయ్యకి తొడిగి, రాతిగట్టు ఆలనాపాలనా ఇకమీదట పాలెం వాళ్ళదేనన్నాడు.

ఇంతలో పెళ్ళికూతురు పీట చంకనెట్టుకుని, పళ్ళెంలో మిగిలిన గుప్పెడూ తీసుకుని చరచరా బయల్దేరింది.

"అమ్మాయ్, ఎక్కడికే?" అన్నాడు ప్రగడ.

"నాకు కాళ్ళున్నాయి నాన్నా!"