గడప బయటి చెప్పులు

మూడు గురువారాలుగా దస్తగిరమ్మ దర్గాకు రావడం లేదు. ఎందుకు రావడం లేదో జిలానీకి అంతుపట్టడం లేదు.

ఆమె కోసం తను చేసినంత మేలు ఇంకెవరు చేశారు? ఇరవై ఆరు వేలమంది చేత ప్రార్థన చేయించాడు!

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాలో కరీముల్లా షా అనే పెద్దాయన ఉండేవారు. గురువారం వస్తే కులం, మతం అనకుండా చుట్టుపక్కల జనమంతా అక్కడే. గడప బయట చెప్పులు విడిచి, ఒక్కొక్కరే లోపలి గదిలోకి వెళ్లి, తలుపు చేరవేసుకుని, మనసులో ఉన్నది చెప్పుకునేవారు. ఆయన విని, దువా చేసి పంపేవారు. విన్న మాట మళ్లీ ఎత్తేవారు కారు. మరుసటి వారం ఆ మనిషే వచ్చి గుర్తుచేసినా, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు వినేవారు. అది అక్కడి పద్ధతి.

జిలానీ ఆయన శిష్యుడు. మూడేళ్లుగా సేవ చేస్తున్నాడు. మంచివాడే. కాకపోతే తల దించితే ఫోను, ఎత్తితే ఫోను. గురువుగారి మాటలూ దర్గా ఫోటోలూ పెట్టి పెట్టి, పెద్ద సంతంత జనాన్ని పోగేశాడు.

నెల కిందట నీళ్లు అందించడానికి గదిలోకి వెళ్లినప్పుడు దస్తగిరమ్మ మాటలు అతని చెవిన పడ్డాయి. మనసు కరిగిపోయింది. బయటికి రాగానే ఫోనులో రాశాడు: "తాగి కొట్టే అల్లుడి నుంచి కూతుర్ని తప్పించి, చెల్లెలి ఇంట్లో దాచి, నర్సు చదువు చదివిస్తోంది ఒక తల్లి. ఆమె కోసం ఆమీన్ అనండి." పైన, గడప దగ్గర ఆమె విడిచిన చెప్పుల ఫోటో.

పేరు పెట్టలేదు. ముఖం పెట్టలేదు. ఊరు చెప్పలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆ నాలుగో గురువారం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"హజ్రత్, దస్తగిరమ్మ ఎందుకు రావడంలేదు? అంతమంది ఆమీన్ అన్నారే ఆమె కోసం!"

కరీముల్లా షా అతని వైపు తిరిగారు.

"ఆమె చెల్లెలు పొద్దున వచ్చిపోయింది బేటా. నీకు చెప్పమనే చెప్పింది. అల్లుడు నువ్వు పెట్టిన ఫోటో చూసి నేరుగా వాళ్లింటి మీదికే పోయినాడంట. ఆ బిడ్డ వెనక గోడ దూకి తప్పించుకుంది. ప్రాణానికేం కాలేదు. చదువు మాత్రం ఆగిపోయింది."

జిలానీ ముఖం పాలిపోయింది. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

"నేను పెట్టిన ఫోటో చూసి అయ్యుండదు హజ్రత్. ఎట్లా గుర్తుపడతాడు? ఉత్త చెప్పులే కదా!"

గురువు కోప్పడలేదు.

"బయట నుంచి ఒక జత తీసుకురా."

జిలానీ చేతికందిన జత తెచ్చాడు.

"ఎవరివి?"

"తెలీదు."

ఆయన వాటిని తిరగేసి చూశారు. "కుడిదాని మడమ అరిగిపోయింది. ఎడమది అట్లే ఉంది. ఆటో ఓబులేసువి. ఎడమ మోకాలు మళ్లీ తిరగబెట్టింది."

జిలానీ తలుపు సందులోంచి చూశాడు. ఓబులేసు అరుగు మీద కూర్చుని ఎడమ మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఇంకో జత."

ఈసారివి మగవాళ్ల చెప్పులు, పెద్దవి. ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. ఆయన వాటిని కాసేపు ఒళ్లోనే పెట్టుకున్నారు.

"కదిరమ్మవి. పోయిన కొడుకు చెప్పులు తొడుక్కుని తిరుగుతోంది. ఇది నాకెవరూ చెప్పలేదు బేటా."

కదిరమ్మ ప్రతి వారం జిలానీ చేతి మీదుగానే ప్రసాదం తీసుకునేది. ఆమె కాళ్ల వైపు అతను ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"ఇప్పుడు నీ ఫోను తియ్యి. ఆ ఫోటో చూడు."

చూశాడు. కుడి చెప్పుకు తెగిన పట్టీని ఎర్రదారంతో కుట్టి ఉంది. అడ్డదిడ్డంగా, గట్టిగా.

"కుట్టింది ఆ బిడ్డే. అమ్మ చూడను పోయినప్పుడు, అత్తారింట్లో వాని ఎదురుగానే కూర్చుని కుట్టిందంట. చెల్లెలు చెప్పింది."



"నాకుండేది రెండు కండ్లు. నువ్వు ఎంతమందికి చూపించినావు?"

పొద్దుటి నుంచీ జిలానీ నోట్లో తీపిగా ఆడుతున్న ఆ అంకె ఇప్పుడు చేదెక్కింది. ఫోటో తీసేశాడు. చెప్పుల జతలు రెండూ తీసుకెళ్లి, ఎక్కడివక్కడ పెట్టి వచ్చాడు.

తర్వాతి గురువారం మిట్టమధ్యాహ్నం దస్తగిరమ్మ వచ్చింది. ఎండకు వాకిట్లో బండలు కాలిపోతున్నాయి. ఆమె అడుగులు ఎత్తెత్తి వేస్తూ నడుస్తోంది. కాళ్లకు చెప్పులు లేవు.

జిలానీకి ఏడుపు ముంచుకొచ్చింది. పరుగున పోయి బిందె ఎత్తుకుని, గేటు నుంచి గది దాకా బండల మీద నీళ్లు పోశాడు. ఆ తడి మీద నడిచి ఆమె గడప దాకా వచ్చింది. అతన్ని చూసి అక్కడే ఆగిపోయింది.

"ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడా స్వామీ?" అని లోపలికి అడిగింది.

గురువు జిలానీ వైపు చూశారు, అంతే.

జిలానీ ఆమె వెనక తలుపు చేరవేశాడు. జేబులోంచి ఫోను తీసి గడప పక్కన పెట్టాడు. అరుగు దాటి, గేటు దాటి, లోపలి మాట వినబడనంత దూరం నడిచి, పెన్న ఇసుకలో కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. ముఖం తేటపడి ఉంది. లోపల ఏం చెప్పుకుందో జిలానీకి తెలియదు.

నాకూ తెలియదు.